ఉస్మాన్‌కి ఇంకో స్పెల్లింగు

వాషింగ్టన్‌లో విదేశీ సైనికులకు శిక్షణ ఇచ్చే ముందు వాళ్ల గతం తిరగేసే ఆఫీసులో వెల్మా టటిల్‌ది పాతికేళ్ల ఉద్యోగం. కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, ప్రతి పేరునూ నాలుగు స్పెల్లింగులతో వెతుకుతుంది.

ఆ మంగళవారం కుర్ర అధికారి క్రెయిగ్ వచ్చి నిలబడ్డాడు. "ఇంకా ఆ సార్జెంటు ఉస్మానేనా, మహాతల్లీ? మచ్చ లేదని మెషీనే చెప్పిందిగా! సంతకం పడేయండి, శిక్షణకి రేపే అతని విమానం."

"వాళ్ల దేశంలో కాగితాలన్నీ ఫ్రెంచిలోనే. నీ మెషీనుకి ఫ్రెంచి రాదు నాయనా," అంటూ ఆ పేరును ఫ్రెంచివాళ్లు రాసినట్టు 'ఓ'తో మొదలుపెట్టి కొట్టింది. ఒక్క కాగితం బయటపడింది. ఆ పేరుగల సైనికుడు తన కొడుకుని సంతలో కాల్చి చంపాడని ఓ తల్లి మూడేళ్ల కిందట పెట్టుకున్న ఫిర్యాదు. ఊరూ, దళమూ, హోదా అన్నీ కలిశాయి.

క్రెయిగ్ కుర్చీలో కూలబడ్డాడు. "శిక్షణలో ఒక సీటు ఖాళీగా పోతుందే!"

"పోనీ," అని వెల్మా శిక్షణ జాబితాలోంచి సార్జెంటు పేరు కొట్టేసింది. తర్వాత ఆ తల్లి కాగితాన్ని మొదటినుంచీ మళ్లీ చదివింది, ఈసారి నెమ్మదిగా.