ఐయామ్ హంగ్రీ

చేవెళ్ల దారి పొడవునా ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్న రోజుల్లో, మొయినాబాద్‌లోని మా చిన్న బడి కూడా ఒక్క ఎండాకాలంలో ఇంగ్లీషు మీడియం అయిపోయింది. తమ పిల్లలు సాఫ్ట్‌వేరు ఇంజనీర్లు కావాలని అందరికీ ఆశ. బడి బోర్డు మారింది కానీ టీచర్లం పాతవాళ్లమే. తెలుగు మీడియంలో చదివిన నాకు యూకేజీ ఇచ్చారు.

నా క్లాసులో ఇద్దరు ఆడపిల్లలు ప్రాణస్నేహితులు. అందుకే రోజూ కొట్టుకునేవారు. ఒకతె రక్కేది, ఇంకొకతె కొరికేది. "కోపమొస్తే నోటితోని చెప్పుడు నేర్పుండ్రి టీచర్, ఇంగ్లీషుల," అన్నారు మా పెద్దసారు. కొరికేది కూడా నోటితోనే అని నేను అనలేదు.

బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. కోపం వస్తే చేయి ఎత్తకూడదు, "ఐయామ్ హంగ్రీ" అనాలి. యాంగ్రీకీ హంగ్రీకీ ఉన్న తేడా ఆ రోజు నా బుర్రలో లేదు, అంతే. వారం రోజులు క్లాసంతా పిడికిళ్లు బిగించి, కళ్లెర్రజేసి "ఐయామ్ హంగ్రీ!" అని అరిచింది.

ఆ అరుపులకు పక్క గదిలోని ఒకటో తరగతి టీచరు వచ్చింది. ఆమె నా దోస్తు. రోజూ మెహిదీపట్నంలో ఒకే బస్సెక్కి, ఒకే సీట్లో కూర్చుని వచ్చేవాళ్లం. బోర్డు చూసి గోడకు ఆనుకుని మరీ నవ్వింది.

"ఓ పిల్లలూ, హంగ్రీ అంటే ఆకలి! మీ టీచర్‌కు కోపం రాదు, ఆకలైతది!"

పిల్లలూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం బస్సులో వేరే సీట్లో కూర్చున్నాను. నెల రోజులు మాట్లాడలేదు. చిటికెన వేలు చూపించి కటీఫ్ చెప్పడం ఒక్కటే తక్కువ.

బోర్డు మీద తప్పు దిద్దాను గానీ పిల్లలు వింటేగా! హంగ్రీ అంటే ఆకలని తెలిశాక వాళ్లే కొత్త పద్ధతి పెట్టారు. ఒకతె కోపంతో "హంగ్రీ!" అని అరిస్తే, రెండో పిల్ల డబ్బా తెరిచి మురుకో బిస్కెట్టో పెట్టాలి. నోట్లో మురుకు ఉంటే కొరకడానికి తీరికేది? కొట్లాటలు తగ్గాయి. డబ్బాలో ఉప్మా ఉన్న రోజైతే ఎవరికీ కోపమే వచ్చేది కాదు.

నా కోపమే తగ్గలేదు. అంతలో నా దోస్తుకు గండిపేటలో పెద్ద స్కూల్లో ఉద్యోగం వచ్చిందని తెలిసింది. శనివారమే ఆఖరి రోజు. ఆ తర్వాత బస్సు కూడా వేరే. లోపల ఏడుపొస్తోంది, నేనే ముందు ఎందుకు మాట్లాడాలని పైకి పంతం. శనివారం మధ్యాహ్నం, తన డబ్బా చేతిలో పట్టుకుని, మా పిల్లలకు చెప్పి వెళ్దామని ఆమె వచ్చింది. నేను అటు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్లీ తుడవసాగాను.

కొరికే పిల్ల నా కొంగు గుంజింది.

"టీచర్, ఆ టీచర్ మీద కోపమొచ్చిందా?"

"లేదు."

"మరి గట్లెందుకు తుడుస్తున్నరు? జర హంగ్రీ అనుండ్రి. అంటే పోతది."

క్లాసంతా నన్నే చూస్తోంది. చెప్పిన పాఠం నాదే. బోర్డుతోనే అన్నాను.

"ఐయామ్ హంగ్రీ."

ఈసారి ఆమె నవ్వలేదు. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. జొన్నరొట్టె తుంచి, పుంటికూర పచ్చడి అద్ది, నా నోటి ముందు పెట్టింది.

"తినవే. నెల దినాలు గింత ఆకలితోని ఎట్ల ఉన్నవే?"

నోటి నిండా రొట్టె ఉండగానే ఏడ్చేశాను. పచ్చడి కారంగా ఉందని పిల్లలతో చెప్పాను.