ఇంట్లోకని ఉంచుకున్న పల్లీలు

పంట ఇంటికి రాగానే మొదటి సంచి ఆడబిడ్డకు ఇవ్వడం మా పుట్టింటి పద్ధతి. అమ్మానాయనలు పోయాక కూడా తమ్ముడు దాన్ని మానలేదు. వాడికున్నది కాస్త వానాధారపు చెలక. అందులోనే పల్లి వేస్తాడు. నేనుండేది అమీర్‌పేటలో, కోచింగు సెంటర్ల వెనక సందులో, మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయని రోజైనా సంచి భుజాన వేసుకుని ఎక్కి వస్తాడు.

మొన్నటి పంటకు మరదలిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. పంజాగుట్టలో ఆమె మోకాలు చూపించుకుని, అటునుంచి మా ఇంటికొచ్చారు. కాళ్ళు కడుక్కుని సంచి మూతి విప్పారు. ఒలిచిన పల్లీలు. చూస్తేనే కడుపు నిండింది. ముడుచుకున్నది ఒక్కటి లేదు, నల్లబడింది ఒక్కటి లేదు.

"ఈసారి తీరు మార్చినమక్కా," అన్నాడు తమ్ముడు. "కాయ పీకినంక వాన కొట్టింది. ఎప్పటిలెక్క నేల మీద కుప్ప పొయ్యలే. టార్పాలిన్ల మీద పల్చగ పోసి, ఊపితే గింజ మోగేదాక ఎండబెట్టినం. రైతు సంఘం కాడికి ఒక సారొచ్చి చెప్పిండు. తడి గింజకు బూజు పడ్తదట, ఆ బూజుల కంటికి కనపడని విషముంటదట. కడిగినా పోదు, వేంపినా పోదు. అందుకే మీ మరదలు ఒక్కొక్క గింజ చూసి ఏరింది."

"నడుము పడిపోయింది వదినా," అంది మరదలు. "గని కొన్నోడు మస్తు మెచ్చుకున్నడు."

"మరి ఏరి తీసినయి ఏం జేసిన్రు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు ఇద్దరూ నా మొహం చూశారు.

"ఏం జేస్తం? ఇంట్లకు ఉంచినం," అన్నాడు తమ్ముడు.

"విషముంటదని ఇప్పుడే నీ నోటితోని చెప్తివి గదరా."

"అది అమ్మేటివాటి సంగతక్కా. ఇంట్ల తినేటియి ఎవడు చూస్తడు?"

మా వైపు ఇళ్ళన్నింటా అంతే. మంచిది బజారుకి, చుట్టాలకి. మిగిలిన తాలూ పుచ్చూ ఇంటివాళ్ళకి. తమ్ముడు ఆ సారు మాట వినకపోలేదు. శ్రద్ధగానే విన్నాడు. కాకపోతే అది కొనేవాళ్ళ కోసం చెప్పిన మాట అనుకున్నాడు.

బస్సులో నమలడానికి మరదలు కొంగున కట్టుకున్న పల్లీలు చూపించమన్నాను. ముడుతలు పడ్డ గింజలు. ఒకదాని మీద పచ్చటి పొడి అంటుకుని ఉంది. వెంటనే ఊళ్ళో ఉన్న వాళ్ళ కోడలికి ఫోన్ చేయించి, నేనే మాట్లాడాను. ఆమెకు ఇంకా మాటలు సరిగా రాని పాప ఉంది.

"ఇంట్లకు ఉంచిన పల్లీలు వేంపి దంచుతున్న అత్తమ్మా," అంది ఆ పిల్ల. "బెల్లం వేసి పాపకు లడ్డూలు కడ్త."

"పాప నోట్ల పెట్టినవా?"

"ఇంకా లేదు."

"పెట్టకు. దంచుడు ఆపు."

మరదలికి కోపమొచ్చింది. "గదేంది వదినా? పాల ప్యాకెట్లు సుత కడిగి ఆరేసుకునే మనిషివి, నువ్వా తిండి పారెయ్యమనేది?"

"ప్యాకెట్లు నేను తింటలేను."

"చిన్నప్పటి సంది గియ్యే తింటున్నం. సచ్చినమా?"

ఆ పచ్చటి పొడి పట్టిన గింజను ఆమె ముందు పెట్టాను. "నువ్వు తింటే తిను, నీ ఇష్టం. పాప నోట్ల నీ చేతితోని పెడ్తవా, చెప్పు."

ఆమె గింజ ముట్టుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వానకు పోయింది పోగా, నడుము విరిగేలా ఏరి దాచుకున్నది కూడా పోతోంది. అన్నం మెతుకు కింద పడితే నా ప్రాణం కూడా ఊరుకోదు. అయినా నేను మెత్తబడలేదు.

"పోనీ బర్రెకన్నా పెట్టనియ్యి," అంది చివరికి, గొంతు తగ్గించి.

"ఆ బర్రె పాలు తాగేదెవరు?"

ఆమే ఫోన్ అందుకుంది. "బిడ్డా, అన్ని తీస్కపోయి గుంట తవ్వి పూడ్చెయ్యి. దంచినయి సుత. రోలు మంచిగ కడుగు."

నేను సంచి వాళ్ళవైపు జరిపి, సగం తీసుకుపొమ్మన్నాను.

"ఆడబిడ్డకు పెట్టింది ఎన్కకు తీస్కపోతరా? ఊర్ల నవ్వరా?" అన్నాడు తమ్ముడు. మొండితనంలో మా నాయనే.

నేనింక వాడితో వాదించలేదు. లేచి పొయ్యి మీద మూకుడు పెట్టాను. మనవరాలికని అక్క వండి పంపేదాన్ని వద్దనడానికి వాడికి నోరు రాదు. నేను పల్లీలు వేయించాను, మరదలు పొట్టు ఊదింది. బెల్లంతో మిక్సీలో వేసి ఇద్దరం లడ్డూలు కట్టాం. అలవాటు చొప్పున గుండ్రంగా కుదిరినవి డబ్బాలో సర్దుతూ, విరిగిన ముక్కలు తనవైపు జరుపుకుంటోంది. నేను డబ్బాలోంచి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాను.

"పాపకు గావాలె గద వదినా."

"పాపకు ఉన్నయి. తిను."

మెల్లగా కొరికి, చాలాసేపు నమిలింది.

"మంచిగున్నయి," అంది, ఎవరి చేలోనో పండినవాటి గురించి చెప్తున్నట్టు.