చొప్ప కింది బావి

ఆ తెల్లదొర కెమెరా కంటికి ఆనించుకుని వెనక్కి అడుగులు వేయడం మొదలుపెట్టినప్పుడు నా ఒళ్లు ఒక్కసారిగా చల్లబడింది. ఏళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ నిమిషంలోనే నా మీదికెక్కింది. ఇంతవరకూ దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పలేకనే మీకు చెబుతున్నాను. పిల్లలిద్దరూ పక్కగదిలో నిద్రపోతున్నారు. మా ఆయనకు కూడా ఈ సంగతి తెలియదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది. నాకింకా పెళ్లి కాలేదు. హన్మకొండలో డిగ్రీ చదివి, మహబూబాబాద్‌లో ఒక చిన్న సేవాసంఘంలో చేరాను. ఆ ఊరిని మేమంతా మానుకోట అనే అంటాం. చుట్టుపక్కల తండాలు తిరగడం, ఆడవాళ్లను కూడగట్టడం, వాళ్లకేం కావాలో తెలుసుకోవడం నా పని. ఇంత చదివి తండాల వెంట తిరుగుడేమిటని మా బాపుకు కోపం. ఏదో ఒకటి సాధించి చూపిస్తే తప్ప ఆయన నన్ను ఆ పనిలో ఉండనివ్వడని నాకు తెలుసు.

ఒక తండాకు తాగునీళ్లు లేవు. ఆడవాళ్లు వాగుకు పోయి ఇసుకలో చెలిమ తోడుకుని బిందెలు నింపుకునేవాళ్లు. వాళ్లకు చేతి బోరింగు వేయించడానికి ఒక విదేశీ సంస్థ చిన్న సాయం ఇస్తానంది. ఒకటే షరతు. ఆ చోట ఏ బావీ ఉండకూడదు. ఉంటే దాన్నే బాగుచేసుకోమంటారు, కొత్తది ఇవ్వరు.

తండా అంచున బావి ఉంది. గట్టు లేదు, లోపలి రాళ్లు కూలి ఉన్నాయి, అడుగున పాచినీళ్లు. దాన్ని ఎవరూ తోడరు. బాగుచేసినా పనికిరాదని అందరూ అనేవాళ్లు. కానీ చూడడానికి వచ్చేవాడికి అది బావే కదా? ఎక్కడో బల్ల ముందు కూర్చుని రాసిన షరతు కోసం ఇంతమంది వాగుదాకా నడుస్తూనే ఉండాలా? ఇలా నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. ఎవరూ నాకు నేర్పలేదు. మా కార్యదర్శి కూడా చెప్పలేదు. ఆ ఉపాయం నాదే.

బావి పక్కన సోమ్లా అనే ఆయన మెట్టచేను, మా భాషలో చెలక, ఉంది. నాకంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. ఆ సంస్థ తరఫున దొర చూడడానికి వచ్చే ముందురోజు ఆయనొక్కడితోనే చెప్పాను, బావి మీద కంప పరచి పైన చొప్ప పేర్చమని. కారణం కూడా చెప్పాను. ఆయన కాసేపు తల గోక్కుని, "బోరింగైతే వస్తదా అక్కా?" అని అడిగాడు. వస్తుందన్నాను. చీకటి పడకముందే పేర్చేశాడు. ఇదేందని అడిగినవాళ్లతో, దూడలు పడకుండా మూశానన్నాడు.

మరుసటి రోజు ఆడవాళ్లు బిందెలు నెత్తిన పెట్టుకుని వరుసగా నిలబడ్డారు. దొర మాటలు వాళ్లకు, వాళ్ల మాటలు దొరకు నేనే చెబుతున్నాను. అందరినీ ఒకే ఫొటోలోకి తేవాలని అతను వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతున్నాడు. అతని మడమల వెనకే చొప్పకుప్ప. వరుసలో ఒకామె బిందె దించి చెయ్యి లేపడం చూశాను. ఆమె బావి అని అరుస్తుంది. అతను ఏమిటని అడుగుతాడు. అప్పుడు నేనేం చెప్పాలి?

అంతకుముందే నేను ఇంగ్లిషులో పాము అని అరిచాను.

అతను కెమెరాతో సహా పక్కకు దూకాడు. ఏమన్నావని అడిగితే పాము అన్నానని చెప్పాను, ఆడవాళ్లు విరగబడి నవ్వారు. "దొర దుంకుడు సూస్తివా! లేగదూడ లెక్క ఎగిరిండే!" అని ఒకామె అంటే, ఇంకొకామె, "పాం గూడ భయపడి ఉరికినట్టుంది" అంది. అందరికంటే గట్టిగా నవ్వింది కమ్లి. సోమ్లా తమ్ముడు బీక్యా కూతురు. ఏడెనిమిదేళ్లుంటాయి. చంకలో మేకపిల్లను పట్టుకుని నవ్వుతూనే ఉంది.

ఇక్కడ నేను తప్పించుకోకూడదు. ఆ క్షణం నా ఒళ్లు చల్లబడింది నిజమే, కానీ దేనికి? మనిషి పడతాడని కాదు. బావి బయటపడుతుందని. అతను కాలు జారి లోపలికి పోతే ఏమయ్యేదన్న ఆలోచన ఆ తరవాతగానీ నాకు రాలేదు. వచ్చింది కదా మరి. ఆ సాయంత్రమే వచ్చింది. ఆ చొప్ప మనిషి బరువును ఆపదని నాకు ఆ రోజే తెలుసు. తెలియక చేశానని నేను ఎవరితోనూ అనలేను, దేవుడితో కూడా.

దొర వెళ్లాక సోమ్లా నా దగ్గరికి వచ్చాడు. చొప్ప తీసేస్తానన్నాడు, మేకలు ఎక్కుతున్నాయన్నాడు. ఇంకోసారి చూడడానికి వస్తారట, అప్పటిదాకా ఉండనివ్వమన్నాను. చుట్టూ కంప నాటాడు. కొన్నాళ్లు పిల్లలను అటు పోనివ్వలేదు. తరవాత అందరికీ అలవాటైపోయింది. చొప్పకుప్పను చొప్పకుప్పలాగానే చూశారు.

కమ్లి మేకపిల్ల కంపలోంచి దూరి చొప్ప మీదికెక్కింది. దాన్ని దించడానికి కమ్లి ఎక్కింది. మేకపిల్ల బతికింది.

నేను వెళ్లేసరికి పెద్దమనుషులు కూర్చున్నారు. సోమ్లా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. బీక్యాను ఇద్దరు పట్టుకుని ఉన్నారు.

"మూస్తే మొద్దులు పెట్టి మూస్తరు, చొప్పతోని మూస్తరారా? నీకు పిల్లలు లేరా?" అని బీక్యా అరుస్తున్నాడు.

తండా నాయక్ నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు రోజు వస్తవ్, పోతవ్. గా చొప్ప గాడ ఎయ్యమని వీనికెవరన్న చెప్పిన్రా? అడిగితే నోరిప్పుతలేడు."

నేను సోమ్లా వైపు చూడలేదు. "నాకేం ఎరుక నాయక్? ఆయన చొప్ప. ఆయననే అడుగున్రి."

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన నేల మీంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"నేనే ఏసిన. అక్కకేం ఎరుక లేదు."

అంతే. ఆ మాట తరవాత నాకు సమయం ఉంది. కమ్లి తల్లి ఏడుపొక్కటే వినిపిస్తోంది. ఆ సందులో నేను నోరు తెరవవచ్చు. తెరవలేదు.

ఆయన ఎందుకట్లా అన్నాడు? నిజం బయటపడితే బోరింగు రాదనా? ఆడపిల్లను నలుగురిలో నిలబెట్టడం ఇష్టంలేకనా? లేక అక్కకేం ఎరుక లేదన్నాక అక్క తనంతట తానే చెబుతుందని ఎదురుచూశాడా? ఈ చివరిది తలుచుకున్నప్పుడే నాకు నిద్ర పట్టదు.

మళ్లీ చూడడానికి ఎవరూ రాకుండానే బోరింగు వచ్చింది. బాపు మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు. ఆ బోరింగు దగ్గరికి సోమ్లా ఇంటివాళ్లను బీక్యా రానివ్వలేదు. చివరికి సోమ్లా తండా విడిచి, భూపాలపల్లి అవతల కాటారం అడవుల్లో వెదురు కొట్టే పనికి పోయాడు. నాకు పెళ్లయింది, జనగామ వచ్చాను. ఒక బిడ్డ, ఒక కొడుకు. ఇంట్లో ఎక్కడ మూత కనిపించినా తీసి చూస్తాను. నీళ్ల హౌజు దగ్గరికి పిల్లలు పోతే అరుస్తాను. ఇంత భయమేందని మా అత్తమ్మ నవ్వుతుంది.

మొన్న సోమ్లా భార్య మంగ్లి మా గుమ్మంలోకి వచ్చింది. అడ్రసు ఎవరిచ్చారో. కూర్చోమంటే కింద కూర్చుంది.

"మా ఆయినెకు పానం బాగుంటలేదక్కా. దవాఖానల చూపిచ్చినం. తండకు పోతా, గాన్నే ఉంటా అంటుండు. బీక్యా కాలు పెట్టనిస్తలేడు. నీ మాట ఇంటడక్కా. సదువుకున్నదానివి. తప్పు చేసిండు గని కావాలని చెయ్యలేదని నువ్వొక్క మాట చెప్పు."

అంటే ఆయన ఆమెకు కూడా చెప్పలేదు. అన్నేళ్లు ఒకే గుడిసెలో ఉండి, కట్టుకున్నదానికి కూడా. ఆమె నా చేతులు పట్టుకుంది. చాయ్ పోసి ఇచ్చాను. చూద్దాం అన్నాను. మా బిడ్డ తలుపు పక్కన నిలబడి ఆమె చేతి గాజులనే చూస్తోంది. ఇప్పుడు దానికి కమ్లి ఈడు.

మంగ్లి అడిగినట్టు ఒక్క మాట చెప్పి రావచ్చు. పాపం, కావాలని చెయ్యలేదు, క్షమించు అని. బీక్యా ఒప్పుకోవచ్చు కూడా. అప్పుడు సోమ్లా తప్పు చేసినవాడిగానే ఇంటికి వస్తాడు, నేను పెద్దమనిషిగా తిరిగి వస్తాను. రెండు రోజులు ఈ దారి నాకు నచ్చింది. ఒప్పుకుంటున్నాను, చాలా నచ్చింది.

నిజం చెబితే ఏమవుతుంది? కేసు పెడతారా? మా ఆయన మొహం చాటేస్తాడా? నా పిల్లలను ఎవరైనా ఒక మాట అంటారా? కమ్లి తల్లి నన్ను చూసి ఏం చేస్తుంది? నేనైతే ఏం చేస్తాను? కానీ పైన రాసిన మాట ఇంకోసారి చదివాను. ఆ ఉపాయం నాదే. ఇన్నేళ్లలో దాన్ని నేను కంటితో చూడడం ఇదే మొదలు. చూశాక ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్లింది. క్షమాపణ కాదిది. దాన్ని ఇవ్వగలిగేవాళ్లు ఇక్కడ లేరు.

ఈ నాలుగు మాటలూ తెల్లవారాక రాస్తున్నాను. రైలుకు ఇంకా టైముంది.

పొద్దున మా ఆయనకు నిజం చెప్పాను. ఆయన చొక్కా వేసుకుని బయటికి వెళ్లాడు. తరవాత బిడ్డకు జడలు వేస్తూ చెప్పాను. కొడుకు పక్కన కూర్చుని బుక్కెడు బుక్కెడు అన్నం తింటున్నాడు. మానుకోటకు పోతున్నానని చెప్పాను. నేను చేసిన పని వల్ల మీలాంటి ఒక పిల్ల చచ్చిపోయిందని, నేను అబద్ధం చెబితే ఆ నింద ఒకాయన మీద పడిందని, ఆ పిల్ల అమ్మానాన్నలకు నిజం చెప్పి వస్తానని అన్నాను.

"కొడ్తరా నిన్ను?" అన్నాడు కొడుకు.

"తెల్వది నానా."

బిడ్డ తల తిప్పబోయింది. జడ చేతిలో ఉంది కాబట్టి తిప్పలేకపోయింది. "మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలేదమ్మా?"

"భయమైంది బిడ్డా. ఇప్పుడు గూడ అయితంది."

అది రెండో రిబ్బను నా చేతికి అందించింది.