కొత్తకోట సభకు తీసుకపోయిన చీర

చైనా యుద్ధం ముగిసిన మరుసటేడు కొత్తకోటల చనిపోయిన జవాన్ల యాది సభ పెట్టిన్రు. కోస్గి నేతపనివాళ్ల సంఘం తరఫున నన్ను పొమ్మన్నరు. ఒక జవాను తల్లికి మా మగ్గం చీర పెట్టి రావాలె. మనిషి పోయిన ఇంటివాళ్లకు కొత్తబట్ట పెట్టుడు మా దిక్కు రివాజు. అది పెట్టించుకున్నరంటే, ఆ సావును ఇల్లు ఒప్పుకున్నట్టే.

తెల్లారంగనే బస్సెక్కి మహబూబ్‌నగర్‌ల దిగిన. స్టాండు పక్క హోటల్ల ఉప్మా తిని, నీళ్లసోంటి చాయ్ తాగిన. కొత్తకోట బస్సు పది దాటినంక గని రాలే. పోయేటోళ్లు ముందు సీట్ల కూసోవద్దు, ఇంజను వేడికి కాళ్లు కాలుతయి.

పల్లికాయ బస్తా మీద కాళ్లు చాపుకున్న ఒక కొత్తకోట రైతు నా సంచి దిక్కు చూసిండు.

"ఏంది తాతా, బిడ్డకు చీరనా?"

"సభల జవాను తల్లికి పెట్టాలె."

"బాలమ్మకా? జర పైలం! నీ కొడుకు సచ్చిండన్న పట్వారిని చీపురు తిరగేసి తరిమింది. పీనుగ రాలే, వాని బట్టలు రాలే. జాడ లేదని మిలిటరోళ్ల టెలిగ్రాం వచ్చింది, అంతే."

ఈ ముచ్చట మాకెవ్వరూ చెప్పలే.

బడి ముందర షామియానా. కూలి చేసి బతికే బాలమ్మను ఎవరో చూపిచ్చిన్రు, స్టేజీ కింద గొంతుకూసోని ఉంది. పక్కకు పోయి మెల్లగ అడిగిన.

"చెల్లే, చీర తెచ్చిన. పెట్టాల్నా వద్దా, నువ్వే చెప్పు."

ఆమె సంచి దిక్కు సూడలే. "పెట్టకు అన్నా, నీ కాల్మొక్త. వాడొస్తడని రోజూ వానికింత జొన్న గట్క తీసి పెడ్తున్న."

గంతల్నే సభ కమిటీ పెద్ద మైకుల నన్ను పిలిచిండు. ఇద్దరొచ్చి బాలమ్మను రెక్కలు పట్టి పైకెక్కించిన్రు. ఆమె చేతులు వెనుకకు దాచుకుంది.

"కానియ్ తాతా, ఫొటోగ్రాఫర్ చూస్తున్నడు," అన్నడు కమిటీ పెద్ద నా చెవుల.

"తల్లి వద్దంటాంది."

"సదువు లేని మనిషి, గామెకేం తెలుసు? భుజం మీద కప్పెయ్."

సదువు లేనిదట! నేనే బడి మొఖం చూసిన్నా? మగ్గం కాడ కూసోని అక్షరాలు దిద్దుకున్నోన్ని. రజాకార్ల కాలంల మాయమైన మనుషులు, ఇంటోళ్లు దినకర్మలు చేసినంక ఇంటికొచ్చింది ఈ కండ్లతోటి చూసిన. మైకు నా దిక్కు గుంజుకున్న.

"తల్లి ఒప్పుకోలే. ఆమె ఒప్పుకునేదాక కోస్గి చీర మడత విప్పేది లేదు."



"దింపున్రి ముసలోన్ని! జవాన్లకు అవమానం చేస్తున్నడు!" వెనుకకెల్లి ఎవడో అరిసిండు.

మైకు గుంజుకున్నరు. నేను దిగిన. బాలమ్మ నా వెనుకనే దిగింది. ఈసారి ఆమె రెక్క ఎవ్వరూ పట్టలే.

సభ అయినంక బువ్వ పెడ్తమన్న కమిటోళ్లు మొఖం తిప్పుకున్నరు. బాలమ్మ బస్సు దాక వచ్చింది.

"అన్నా, వాడొచ్చినంక వాని పెండ్లి చేస్త. అప్పుడు తే."

"తెస్త చెల్లే," అన్న. ఇంకేమనాలె?

పొద్దుగూకే బస్సుల మహబూబ్‌నగర్ దాక నా కోపం దిగలే. ఇట్లాంటి సభలకు పోయేటోళ్లు ఒకరోజు ముందే బయలెల్లుండ్రి. ముందుగాల ఆ ఇంటికి పోయి తల్లిని అడుగుండ్రి. ఆమె వద్దంటే, మైకుల ఎంత పెద్దోడు పిలిచినా స్టేజీ ఎక్కకుండ్రి.