వంటిల్లు విప్పిన అక్క

పోయిన బుధవారం పొద్దున్నే బావగారు ఫోను చేశారు. ఆయన మామూలుగా ఫోను చెయ్యరు. మాటలన్నీ అక్క చూసుకునేది. అందుకే ఆయన గొంతు వినగానే నాకు సంగతి తెలిసిపోయింది. "మీ అక్క ఎలిపోనాదమ్మా," అన్నారు. రాత్రి అన్నం తిని, అందరితో కబుర్లాడి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట.

సంత్రాగాఛిలో మా ఇంటి నుంచి బస్సెక్కి, నది వంతెన దాటి అక్కావాళ్ళుండే ఏక్‌బాల్‌పూర్ చేరేసరికి ఇంటి ముందు సందంతా జనం. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు అందరూ ఉన్నారు. ప్రార్థన చేసిన పాస్టరుగారు ఈమధ్యే మా సంఘానికి వచ్చిన కుర్రాడు. "ఈ సహోదరి శాంతస్వభావి, మృదువైన మనిషి," అన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. మృదువైన మనిషే, నిజమే. కానీ సుత్తి పట్టుకుని ఒక వంటిల్లు మొత్తం నేలమట్టం చేసిందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ సంగతి రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఆమె నా తోడికోడలు. నా భర్తకు అన్నగారి భార్య. నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చేనాటికి ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి పదేళ్ళు దాటింది. రోజూ కరెంటు పోయేది, వానొస్తే సందులో మోకాలిలోతు నీళ్ళు నిలిచేవి. మా మావయ్య ఓడరేవు డాక్‌లో పనిచేసి పోయారు. బావగారిదీ డాక్‌లోనే పని. నా భర్త ఓడ మీద పనికి పోతే నెలల తరబడి కనిపించేవారు కాదు. నా చంకలో పసిపిల్ల. అక్కకు బడికెళ్ళే పిల్లలిద్దరు. మా ఇద్దరికీ అత్తమ్మ ఒక్కతే.

అక్క ఇంట్లోనే కుట్టుపని చేసేది. మెటియాబ్రుజ్‌లోని ఒక దర్జీ ఉస్తాద్ కత్తిరించిన పిల్లల గౌన్లు మూటలుగా పంపేవాడు. వాటికి అంచులు మడిచి, గుండీలు కుట్టి తిరిగి అప్పజెప్పాలి. పొద్దున్న కొళాయి నీళ్ళు పట్టడంతో మొదలైతే రాత్రి మిషను మీద గుడ్డ కప్పేదాకా ఆమె కూర్చోగా నేను చూడలేదు. కూర్చున్నా అది మిషను ముందే.

పెరట్లో విడిగా ఉండేది మా వంటిల్లు. మావయ్య స్వయంగా కట్టినది. మందపాటి ఇటుక గోడలు నాలుగు, పైన పెంకులు, ఒకే ఒక్క తలుపు. కిటికీ అన్నమాటే లేదు. లోపల రెండు బొగ్గు పొయ్యిలు. పొద్దున్న పొయ్యి రాజేస్తే ఆ పొగ ఎటు పోవాలో తెలియక మా ఊపిరితిత్తుల్లోకి వచ్చేది. గోడలు తారు పూసినట్టు నల్లగా ఉండేవి. పట్టపగలు కూడా దీపం లేకుండా పప్పులో రాయి కనిపించేది కాదు.

అత్తమ్మ ఆ గదిలోనే జీవితమంతా వండింది. ఆ ఏడు వానాకాలం చివర్లో ఆమె దగ్గు ఎక్కువైంది. రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోయేది. అక్క ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన ఒకటే మాట అన్నాడట, ఆ పొగలో ఉన్నంతకాలం తన మందులు పనిచెయ్యవని. గ్యాసు కోసం ఎప్పుడో పేరు రాయించుకున్నాం, సిలిండరు కూడా వచ్చింది. కానీ గాలి ఆడని ఆ గదిలో గ్యాసు పెట్టకూడదన్నారు. గది పడగొట్టి కొత్తది కట్టాలి.

అత్తమ్మ ఒప్పుకోలేదు. "సమ్మె రోజుల్లో డాకు మనుషులందరికీ నాను ఈ పొయ్యి మీదే గెంజి కాసి పోసేను. మీ మావ కట్టిన గోడ మీద సుత్తి ఏస్తే నా గుండెల మీద ఏసినట్టే," అంది. ఆమె కూడా ఊరికే అనలేదు. ఆ రోజుల్లో ఆ వంటింటి తలుపు దగ్గర వరసలో నిలబడి గంజి తాగినవాళ్ళు, ముసలివాళ్ళయ్యాక కూడా దారిలో కనిపిస్తే ఆమెకు దణ్ణం పెట్టేవారు.

అక్క వెళ్ళి మేస్త్రీని మాట్లాడింది. దుర్గాపూజలయ్యాక వస్తానన్న మేస్త్రీ కోతలకని ఊరెళ్ళి, తిరిగి రాలేదు. "వచ్చే ఏడు చూద్దాంలే," అన్నారు బావగారు. అత్తమ్మ లోపల దగ్గుతోంది. ఆ దగ్గు ఆగేదాకా అక్క అలాగే నిలబడి విన్నది. తర్వాత నావైపు తిరిగి అంది:

"సిన్నమ్మీ, మనవే పడగొట్టేద్దాం."

"మనమా? ఈ పనులన్నీ ఎవరు చేస్తారక్కా? చెయ్యి ఖాళీ ఎక్కడుంది?"

"సెయ్యి కాళీ అయినాక మొదలెడదావంటే ఏనాటికీ మొదలెట్టలేం. పిల్లలు బడికెల్లినాక, మద్దానం నీళ్ళొచ్చే లోపల ఎంతయితే అంత."

మరునాడు ఆమె అవతారం చూసి పసిపిల్ల కూడా గుర్తుపట్టక ఏడ్చింది. చీర మీద బావగారి పాత చొక్కా, కొంగు నడుముకు బిగించి, ముక్కుకు గుడ్డ. బల్లెక్కి నిలబడి ఒక్క పెంకు తీసి నా చేతికిచ్చింది. "ఒక్క పెంకే. ఒక్క పెంకు తీస్తే ఎవరూ ఏడవరు," అంది.

రోజుకు కొన్ని పెంకులు తీశాం. దూలాలు నిలిచే ఉన్నాయి, లోపల వంట జరుగుతూనే ఉంది. నాలుగో రోజో అయిదో రోజో, అత్తమ్మ చేటలో కందిపప్పు పోసుకుని కూర్చుంది. పైనుంచి ఎండ సరిగ్గా ఆ చేటలో పడింది. ఆమె పప్పు వంక, తన చేతుల వంక, ఎదురుగా గోడ వంక చూసింది. ఆ గోడ నలుపు ఎంత లావు పేరుకుందో ఆమెకు అప్పుడే కనిపించిందేమో.

"ఓలమ్మో, పప్పులో ఇన్ని రాళ్ళేటే! ఇన్నాళ్ళూ ఇయ్యేనా మీకు పెట్టేను?"

అక్క బల్ల మీదే పగలబడి నవ్వింది. అత్తమ్మ కూడా నవ్వబోయి దగ్గింది. కూలగొట్టమని అనలేదు, వద్దని కూడా అనలేదు. మరునాడు మేం లేచేసరికి ఆవకాయ జాడీలు, ఉప్పు కుండ వరండాలోకి వచ్చి ఉన్నాయి. ఎవరు తెచ్చారని మేం అడగలేదు.

అక్కడి నుంచి మా సంసారం వరండాకెక్కింది. కిరసనాయిలు స్టవ్వు మీద వంట, పక్కనే పిల్లల పుస్తకాలు, ఆ పక్కన నా పిల్ల ఉయ్యాల. అసలు చిక్కు గౌన్లతో వచ్చింది. క్రిస్మస్ ముందు మూటలు రెట్టింపుగా వచ్చేవి. గులాబీ రంగువి, తెల్లవి. ఒక్క మసి మరక పడితే ఉస్తాద్ మొత్తం వెనక్కి తిప్పేస్తాడు, మళ్ళీ పని ఇవ్వడు. అక్క మంచం మీది దోమతెర తీసి పైకప్పుకు వేలాడగట్టి, మిషను పీటతో సహా లోపల పెట్టించింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఆ తెరలో దూరి కుట్టేది. తెర బయట ఇల్లంతా ఎర్రటి ఇటుక పొడి. లోపల ఆమె, చుట్టూ తెల్లటి గౌన్లు. పిల్లలు తెర పక్కన చేరి ఎక్కాలు అప్పజెబుతుంటే, మిషను తొక్కుతూనే తప్పులు దిద్దేది. గౌన్లు అప్పజెప్పిన రోజు ఉస్తాద్ ఒక్కొక్కటీ విదిలించి చూసి, "మీ ఇంట్లో గోడలు పడుతున్నాయని విన్నానే?" అన్నాడట. "పడతన్నాయి, మీ గౌన్ల మీద కాదు," అని చెప్పి వచ్చింది.

గోడల సంగతి పెంకులంత తేలిక కాలేదు. మొదటి రోజు నేను ఉత్సాహంగా కింది వరసలో ఉలి పెట్టి బలంగా కొట్టాను. గోడ ఉబ్బినట్టయి పక్కింటివైపు ఒరిగింది. అవతల పక్కింటి బెంగాలీ ఆవిడ, మేం మాసీమా అని పిలిచే పెద్దావిడ, బట్టలారేస్తోంది. "మాసీమా, సొరే జాన్! తప్పుకోండి!" అని అక్క పెట్టిన కేకకు ఆమె తడిబట్టలు వదిలేసి పరుగెత్తింది. గోడ పడలేదు. అక్క నన్ను తిట్టలేదు. కాసేపు గోడకు ఆనుకోకుండా దూరంగా కూర్చుని చూసింది.

"కుట్టు ఇప్పినట్టే ఇదీను. తప్పు కుట్టు పడితే గుడ్డ లాగేస్తావేటి? కొస కాడ మొదలెట్టి ఒక్కో పోగూ తీస్తావు. పైనుంచి రావాల," అంది.

అలాగే పైనుంచి వచ్చాం. పాత సున్నం కావడంతో, ఉలి సందు చూసి పెడితే ఇటుక ఇటుకగా ఊడి వచ్చింది. నేను పిల్లకు పాలివ్వడానికి దిగితే ఆమె కొట్టేది, ఆమె అన్నం వార్చడానికి వెళితే నేను కొట్టేదాన్ని. మాసీమా కోపం తెచ్చుకుంటుందనుకున్నాం. ఆమె తన బావి తాడు తెచ్చిచ్చి, మధ్యాహ్నం గిన్నెడు మురమురాలు, పచ్చిమిరపకాయలు గోడ మీద పెట్టి వెళ్ళేది. గోడ తగ్గుతున్న కొద్దీ ఆమె మొహం మాకు ఎక్కువగా కనిపించసాగింది.

పక్క గోడలు రెండూ సగం దిగాక, మా పాడాకు, అంటే పేటకు, పెద్దయిన ఎర్రజెండా పార్టీ దాదా వచ్చాడు. మా వీధిలో ఎవరింట ఏ తగువొచ్చినా తీర్చేది ఆయనే. పెరట్లో పేరుకున్న చెత్త చూసి, బెంగాలీలో వదిన వరస కలిపి అడిగాడు.

"బౌది, ఎవరినడిగి పడగొడుతున్నారు?"

అక్క బల్ల దిగలేదు. తన బెంగాలీలో, తెలుగు యాసతో, అంది: "మా అత్త దగ్గుతోంది దాదా. నా పొయ్యి మార్చుకోవడానికి మీటింగు పెట్టాలా?"

చూస్తున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. దాదా మొహం బిగిసింది. నాకు భయమేసింది. ఆయన వద్దంటే మా పని అక్కడితో ఆగిపోయేది. అక్క అప్పుడు బల్ల దిగి, ముక్కు గుడ్డ విప్పి, నెమ్మదిగా చెప్పింది.

"కోపం పెట్టుకోకండి. వానొస్తే ఈ సందులో పిల్లలు నీళ్ళలో నడిచి బడికెళుతున్నారు. రాళ్ళు పోయిస్తామని మీరే అన్నారు కదా. ఈ ఇటుక ముక్కలన్నీ మీవే. మనుషుల్ని తెచ్చి సందులో పరిపించండి. మంచి ఇటుకలు నాకు, ముక్కలు మీకు."

ఆయన చెత్తవంక చూశాడు, సందువంక చూశాడు. "ఆదివారం మన పాడా క్లబ్బు కుర్రాళ్ళను పంపుతాను," అన్నాడు. నిజంగానే పంపాడు. తట్టలతో మోసి, సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచి దిమ్మిస కొట్టారు. మిగతా రెండు గోడల మీద నిలిచిన నడిమి దూలం దించడానికి కూడా వాళ్ళే చెయ్యేశారు. బావగారు ఆవేళ డాక్‌లో ఆదివారం డ్యూటీకి సెలవు పెట్టి ఒక కొసన భుజం పట్టారు. దూలం దించాక ఆ భుజం తడుముకుంటూ, "మేస్త్రీ ఒచ్చుంటే ఇంకా గోడ కొలుస్తానే ఉండును," అన్నారు. ఆయన నోట అంతకు మించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు. మరుసటి వానాకాలం మా సందులో నీళ్ళు చీలమండ దాటలేదు.

చివరికి పొయ్యిలు మిగిలాయి. చుట్టూ గోడలు లేవు, పైన ఆకాశం, నడుమ ఆ రెండు మట్టి పొయ్యిలు. అక్క సుత్తి తీసుకుని వాటి ముందు కూర్చుంది గానీ కొట్టలేకపోయింది. నన్ను కొట్టమంది. నా వల్లా కాలేదు.

అత్తమ్మ వరండా మెట్లు దిగి వచ్చింది. "ఇలాగియ్యి పెద్దమ్మీ. నా పొయ్యి నానే తీస్తాను," అంది. నేల మీద చతికిలబడి, కళ్ళు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. ఒక చేత్తో పొయ్యి గట్టు నిమిరింది. తర్వాత సుత్తి ఎత్తి కొట్టింది. చాలలేదు. మళ్ళీ కొట్టింది. మట్టి పెళ్ళలుగా విరిగింది. ఆమె ఏడుస్తుందేమోనని మేం బిత్తరపోయి చూస్తుంటే, చేతులు దులుపుకుని, మాసీమా ఇంటివైపు చెయ్యి చూపించి అక్కతో అంది:

"కిటికీ పెద్దది పెట్టించు. అటేపు పెట్టించు, గాలొస్తాది."

అటేపే పెట్టించాం. మేస్త్రీ దొరికాక, మేం దాచిన ఇటుకలతోనే కొత్త గది లేచింది. అత్తమ్మ ఆ కిటికీ దగ్గర కూర్చుని ఎన్నో చలికాలాలు బఠాణీలు ఒలిచింది. దగ్గు పూర్తిగా పోలేదు. కానీ రాత్రిళ్ళు పడుకుని నిద్రపోయింది, ప్రార్థన గుడిలో పాట చరణం ఆపకుండా పాడింది. మనవరాళ్ళ పెళ్ళిళ్ళు చూసి పోయింది. మాసీమాతో పెరటి గోడ మీంచి మాట్లాడే అలవాటు మాత్రం ఆ పడగొట్టిన రోజుల నుంచే వచ్చింది మా ఇంటికి.

ఆ తర్వాత అక్క చేతిలో ఆ సుత్తి నేను చూడలేదు. కానీ ఏదైనా పెద్ద పని ముందు నేను దిగాలుగా కూర్చున్నప్పుడల్లా "ఒక్క పెంకు తియ్యి," అనేది. నా పిల్ల చదువు, మా ఆయన ఓడ ఉద్యోగం పోవడం, సంత్రాగాఛిలో కొత్త కాపురం, అన్నీ అలాగే గట్టెక్కాయి. ఆమెకు నేను ఏనాడూ కృతజ్ఞత చెప్పుకోలేదు. చెబితే "ఏటే ఆ మాటలు," అని మిషను తొక్కేది.

పొయ్యిలు తీసి, ఆ మసి పెళ్ళలన్నీ అక్క తల మీద మోసి పారబోసిన ఆ సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, మేమిద్దరం పెరట్లో బోరింగు దగ్గరికి వెళ్ళాం. అక్క జుట్టు విప్పుకుని గొట్టం కింద తల పెట్టి కూర్చుంది. నేను బోరింగు కొట్టాను. ఆమె తల మీంచి నీళ్ళు నల్లగా దిగాయి. అంత నలుపు ఒక్క మనిషి జుట్టులో ఎలా పట్టిందో! అవి ఆమె వీపు మీంచి, కాళ్ళ మధ్యనుంచి, ఖాళీ అయిన నేల మీంచి పాయలు పాయలుగా పారుతున్నాయి. కాసేపటికి బూడిదరంగుకు తిరిగాయి. ఆమె నోట్లోకి నీళ్ళు పోతున్నా నవ్వుతూనే ఉంది. "కొట్టే, కొట్టు, ఆపకు," అంటోంది. నీళ్ళు తేటపడేదాకా నేను కొడుతూనే ఉన్నాను.