కోడెకాడు

ఇది ఎప్పుడో రాయాల్సింది. నలభై దాటేదాకా నాకు అక్షరం రాదు; వచ్చాక సిగ్గు అడ్డొచ్చింది. ఇవాళ పక్కింట్లో చీరమేను వేయిస్తున్న వాసనకి సుగుణ పంతులమ్మగారు గుర్తొచ్చి కలం పట్టాను.

యానాంలో మా వీధి చివరింట్లో ఆవిడ ఒక్కరే ఉండేవారు. మా ఆయన చేపల వేట నుంచి రాగానే, ఆవిడ పేపరు చదివి వినిపిస్తారని ఆ అరుగు మీదికి చేరేవాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ పకపకా నవ్వేవాడు. ఆ నవ్వు మా వాకిట్లోకి వినపడుతుంటే చేపలు తోముతూ పళ్ళు నూరుకునేదాన్ని.

దసరా వెళ్ళాక ఒకనాడు మా దండెం మీద నాది కాని చీర ఆరుతోంది. చీరమేను వరిగింజంత చేప, వలలో నిలవదు. మెత్తబడ్డ పాత చీరని ఇద్దరు చెరో కొసా పట్టుకుని గోదాట్లో ఈడుస్తారు. అందుకు ఇరుగుపొరుగు చీరలు అడిగి తెచ్చుకోవడం మామూలే. అదంతా తెలిసి కూడా, ఆ నీలం అంచు పంతులమ్మగారి చీరదని పోల్చుకోగానే నాకు ఒళ్ళు మండిపోయింది. తడిచీర చంకన పెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను.

"మా ఆయనకి మీ చీరెందుకిచ్చారండీ?"

"అడిగాడు, ఇచ్చాను. నీ చీర పాడుచెయ్యడానికి మనసు రాలేదట నీ కోడెకాడికి!" అని నవ్వారు.

నాకు ఆ చివరి మాటే చెవిలో పడింది. "నలభై అయిదేళ్ళ మనిషిని పట్టుకుని అదేం మాటండీ? బూతా?"

ఆవిడ లావుపాటి నిఘంటువు తెచ్చి వేలు పెట్టి చూపించారు. "కోడె అంటే ఇంకా కాడి కట్టని పడుచు గిత్త. వేటకాడు, పాటకాడు అంటాం చూడు, అలాగే కోడెకాడు. ఉరకలేసే వయసువాడని. మా తాతల నాటి మాట."

"మీరేం చదివినా నేను నమ్మాలి కదండీ."

"నమ్మకు సత్యవతీ. నేర్చుకుని నువ్వే చదువు."

కేవలం ఆవిడ అబద్ధం బయటపెట్టాలని, రోజూ చేపలబుట్ట దించగానే ఆవిడ దగ్గరే పలక పట్టాను. రెండేళ్ళకి ఆ పుట నా అంతట నేనే కూడబలుక్కున్నాను. ఆవిడ చెప్పినట్టే ఉంది. అయినా మంట చల్లారలేదు. పాతికేళ్ళు కాపురం చేసిన నాకు ఆయన చేపలు తెచ్చే మనిషిగానే కనిపించాడు. ఆయనలో ఇంకా ఉరకలేసేవాణ్ణి చూసింది ఆవిడ. ఆవిడ పోయి ఏళ్ళయింది. చదువూ ఉంది, ఆ ఈర్ష్యా ఉంది. రెండూ ఆవిడ పెట్టినవే.

ఆ పుట చదివిన మర్నాడు పొద్దున్నే ఆవిడ గుమ్మంలో నిలబడ్డాను. "మీరు చెప్పింది నిజమేనండీ పంతులమ్మగారూ. ఇకమీదట మా ఆయన్ని మీరలా పిలవకండి. నేను పిలుచుకుంటాను."