వెనక్కి నడిచిన బండి

మా అల్లుడు ఎలియాదెస్‌కి నోట్లో నాలుక లేదు. దేవుడు ఆ నేర్పంతా చేతుల్లో పెట్టాడు. పారేసిన ఆసుపత్రి మంచాల గొట్టాలు కోసి, వంచి, అతికి తన మోటారు సైకిలుకి చట్రం తానే కట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ బండిని చూస్తేనే ఒళ్లు మంట. ఒకసారి దాని పొగగొట్టం తగిలి మా అమ్మాయి యాదిరా కుడి పిక్క కాలింది. కిడ్నీలు పాడైన పిల్లకి పుండు ఒక పట్టాన మానుతుందా? నెలల తరబడి నేనే కట్లు కట్టాను. కట్టు విప్పినప్పుడల్లా అల్లుణ్ణి దులిపేశాను.

యాదిరాకి వారానికి మూడుసార్లు బయామో పట్నంలో డయాలసిస్. తీసుకెళ్లే ఆసుపత్రి కారు ఇరుసు విరిగి మూలపడింది. శనివారం వెళ్లలేకపోయాం. ఆదివారానికి కాళ్లు వాచాయి, సోమవారానికి కళ్ల కింద ఉబ్బొచ్చింది. గుర్రబ్బండి మీద పోతే చేరేసరికి ఆమె వంతు దాటిపోతుంది. మంగళవారం కూడా తప్పితే ఏమవుతుందో డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ మాట నేను నోటితో అనను.

అన్నీ ఒకేసారి వస్తాయి కదా, అల్లుడి బండి ఇంజను కూడా అప్పుడే పట్టేసింది. పక్కింటి బార్తొలో తన వరిపొలానికి నీళ్లు తోడే పంపు ఇంజను విప్పి తెచ్చి ఇచ్చాడు. "నా పొలం ఎండినా ఫర్వాలేదు ఒటిలియక్కా, పిల్ల బతకాలి" అన్నాడు. వెంటనే నోటి దురద ఆపుకోలేక, "బండి దారిలో ఆగితే కాలవలో పెట్టండి, నీళ్లన్నా తోడుతుంది" అన్నాడు.

"నీ నోట్లో మన్నుపడ! శుభం పలకరా అంటే..." అని కసిరాను.

కరెంటు ఉన్న కాసేపట్లోనే వెల్డింగు చేసి అతకాలి. ఎలియాదెస్ చట్రం మధ్యలో ఇనుప పలక అతికాడు. ఇంజను అదురుకి అతుకులు విడిపోకుండా దాని కింద పాత టైరు ముక్కలు వేసి, నాలుగు బోల్టులతో బిగించాడు. చైను తగిలించకుండా ఒక్క క్షణం స్టార్ట్ చేసి చూసి వెంటనే ఆపేశాడు.

"నడిపి చూడవా ఏమయ్యా?" అన్నాను.

"పెట్రోలు పోయి రావడానికే సరిపోతుందత్తా. చూడ్డానికి పోస్తే తిరిగి రావడానికుండదు."

నిజమే. మా ఊళ్లో ఎవరూ బండిని ఊరికే నడిపి చూడరు.

మంగళవారం పొద్దున యాదిరా చెప్పులు పట్టక పాదాలకి గుడ్డ చుట్టుకుని వచ్చి, వెనక కూర్చోబోయింది. "ఉండు, ముందు బండిని వీధిలోకి ఎక్కిస్తా" అని ఎలియాదెస్ తాడు లాగాడు. ఇంజను అందుకుంది. నేను మేరీమాతకి దణ్ణం పెట్టాను. అతను రేజ్ చేశాడు. బండి గబుక్కున వెనక్కి పోయి మా కోళ్ల గూడుని గుద్దింది.

కోళ్లు అరిచాయి. బార్తొలో నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఇంజను తిరగేసి పెట్టావు కదయ్యా!" అన్నాడు ఎలియాదెస్‌తో.

ఎలియాదెస్ బండిని గూడులోంచి బయటికి లాగాడు. "అటు పెడితే పొగగొట్టం కుడిపక్కకొస్తుంది. తన కాలు కాలింది ఆ పక్కే కదా. అందుకని ఇటు తిప్పాను. చక్రం ఎటు తిరుగుతుందో ఆలోచించలేదు."

తిడదామని వచ్చినదాన్ని, పోయి పానా తెచ్చి అతని చేతికిచ్చాను.

కరెంటు లేదు, అతకడానికి లేదు. బోల్టులు విప్పి ఇంజనుని అటు తిప్పాడు. చైను ఎడమపక్కకి రావాలి గనక వెనక చక్రాన్నీ ఊడదీసి తిరగేశాడు. దాంతో బ్రేకు తీగ అటుపక్కకి అందక వెనక బ్రేకు పోయింది. దారిలో నది వంతెన దగ్గర పెద్ద దిగుడు. "ముందు బ్రేకు చాలులే" అన్నాడు గాని నా కళ్లలోకి చూడలేదు. ఈసారి బండి ముందుకే కదిలింది. పొగగొట్టం మాత్రం యాదిరా కుడికాలి పక్కనే ఉంది.

"అమ్మా, కాలు కాలితే కట్టు కడుదువుగాని" అని ఎక్కింది నా తల్లి.

ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా వీధిలోకీ ఇంట్లోకీ తిరిగాను. ఫోను మోగలేదు. పొయ్యి మీద కర్రపెండలం మాడిపోయింది. బార్తొలో వచ్చి ఏదో జోకు వెయ్యబోతే తలుపేసుకున్నాను. దిగుడు, బ్రేకు, అతుకు, వాచిన పాదాలు, ఇవే కళ్లముందు.

పొద్దు వాలుతుండగా పంపు ఇంజను చప్పుడు వినబడింది. పరుగెత్తాను. నా కూతురి మొహం తేటపడింది, కళ్ల కింద ఉబ్బు తగ్గింది. ముందుగా కుడికాలు పట్టుకు చూశాను. ఎక్కడా కమిలిన మచ్చ లేదు.

ఎలియాదెస్ బండి దిగి కుంటుతూ వచ్చాడు. ప్యాంటు మాడి పిక్కకి అంటుకుపోయి ఉంది.

"ఇదేమిటయ్యా?"

"ఏం లేదత్తా."

"తన పిక్క ఆ గొట్టానికి అడ్డం పెట్టి, నా పాదం తన పాదం మీద పెట్టుకోమన్నాడమ్మా" అంది యాదిరా. "పోయేప్పుడూ అంతే, వచ్చేప్పుడూ అంతే. తియ్యవయ్యా అని నెత్తీనోరూ కొట్టుకున్నా, తియ్యలేదు."

వాళ్ల పెళ్లైన నాటినుంచీ అతన్ని నేను ఏమయ్యా అనే పిలిచాను. పెరట్లోకి పోయి కలబంద మట్ట తెచ్చాను. కూతురికి కట్టగా మిగిలిన గుడ్డలు తీశాను.

"కూర్చోరా నాయనా" అన్నాను.

అతను కోళ్ల గూడు మీద కూర్చుని కాలు నా ఒళ్లో పెట్టాడు. "కరెంటొస్తే గొట్టం కిందికి వంచేస్తానత్తా. గురువారం మళ్లీ పోవాలి కదా."

కరెంటు ఇంకా రాలేదు.